నా రక్తం చేసిన పని

ఆ ఏడాది చెర్రీలు కోతకొచ్చేసరికి మా అన్నయ్య ఒంట్లో తిరుగుతున్నది నా రక్తం.

ఏప్రిల్ నెలాఖరున, తోట తెల్లగా పూత మీదున్న వారంలో, నా తుంటి ఎముకల్లోంచి మూలుగ తీసి అతనికెక్కించారు. అన్నయ్యది రక్తం కేన్సరు. మే చివరికి కొత్త మూలుగ కుదురుకుందని డాక్టర్లు చెప్పారు. రక్తం గ్రూపు కూడా మారిపోతోందట. పుట్టిన దగ్గర్నుంచీ 'ఏ' గ్రూపు మనిషి, ఇక నుంచి నాలాగే 'బి' గ్రూపు.

ఆ మాట విని అమ్మ ముఖం అదోలా పెట్టింది. 'ఏ' గ్రూపు వాళ్ళు ఒద్దికైనవాళ్ళనీ, 'బి' గ్రూపు వాళ్ళకి తమ ఇష్టమే తప్ప ఇంకొకరి గొడవ పట్టదనీ జపాన్‌లో చాలామందిలాగే ఆవిడకీ గట్టి నమ్మకం. చిన్నప్పుడు గిన్నెలో నాలుగు మెతుకులు వదిలేసినా, "బి గ్రూపు దానివి కాదూ మరి," అనేది నన్ను.

"అయితే ఇంట్లో ఇద్దరయ్యారన్నమాట," అంది.

"పోనిద్దురూ అత్తయ్యా. మనిషి దక్కాడు. గ్రూపుతో మనకేం పని," అంది చిహారు వదిన.

నేను సెందాయ్‌లో చేపముద్దలు కాల్చే ఫ్యాక్టరీలో పనిచేస్తాను. జూన్ రెండోవారంలో ఒక మధ్యాహ్నం, అన్నం తిని ఏప్రాన్ కట్టుకుంటూ ఉంటే వదిన ఫోను చేసింది.

"సవాకో, నువ్వు సెలవు పెట్టి రాగలవా? తోట కోతకొచ్చింది. నేను ఆస్పత్రి వదిలి కదల్లేకపోతున్నాను."

"అన్నయ్యకి బానే ఉందన్నావుగా."

వదిన గొంతు తగ్గించింది.

"ఒళ్ళంతా ఎర్రగా పేలింది. అరచేతులు, అరికాళ్ళతో సహా. రెండు రోజుల్నించి విరేచనాలు. ఊరికే నీళ్ళు. కొలిచి రాస్తున్నారు. నిన్న రెండు లీటర్లు దాటింది."

"దేనివల్లట?"

"నీ మూ... కొత్త మూలుగ వల్లట."

'నీ' అనబోయి 'కొత్త' అని దిద్దుకుంది. వదిన మంచిది. అయినా ఆ దిద్దుబాటు నా చెవిన పడనే పడింది.

నాలుగు వారాలు సెలవు పెట్టి వెళ్ళాను.

*

చెర్రీ కోత తెల్లారకముందే మొదలవుతుంది. ఎండెక్కితే పండు మెత్తబడుతుంది. చెట్ల మీద వానకి అడ్డంగా ప్లాస్టిక్ కప్పు పరిచి ఉంటుంది. దాని మీద చినుకులు పడుతూంటే కింద నిచ్చెన మీదున్న మనిషికి పక్క నిచ్చెన మీది మాట వినపడదు. ఆ సంవత్సరం అది ఒకందుకు మంచిదే అయింది. అమ్మా నేనూ పక్కపక్క చెట్ల మీదే ఉండేవాళ్ళం.

పక్కతోట ఇగరాషి తాత తన పని కానిచ్చుకుని మా కోతకి వచ్చేవాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. నిచ్చెన ఎక్కాడంటే దిగకుండా మాట్లాడేవాడు.

"ఏమే సవాకో, చేపలు కాల్చి కాల్చి నీ వేళ్ళు మొద్దుబారాయా? పండు పట్టుకోకు, తొడిమె పట్టుకో. తొడిమె మొదట్లో మొగ్గ విరిచావనుకో, వచ్చే ఏడు మీ అన్నయ్య ఆకులమ్ముకోవాలి."

"వచ్చే ఏడు సంగతి ఎవరికి తెలుసు తాతా."

"నాకు తెలుసు. నేనుంటాను. వాడూ ఉంటాడు. నీ మూలుగ ఇచ్చావుగా. నీది మొండి ఘటమని పుట్టినప్పట్నించీ చూస్తూనే ఉన్నాను. వాడి ఒంట్లో కూడా అంత తొందరగా చావదది."

పొగిడాడో తిట్టాడో తెలియలేదు. అమ్మ నిచ్చెన దిగి, బుట్ట మార్చుకుని, మళ్ళీ ఎక్కింది. మా ఇద్దరి వైపూ చూడలేదు.

మధ్యాహ్నాలు కొట్టంలో కూర్చుని పెట్టెలు సర్దేవాళ్ళం. పండుని తొడిమె కిందికి పెట్టి, ఎర్రగా పండిన వైపు పైకి తిప్పి, వరసలు వరసలుగా పేర్చాలి. ఒక్కటి వంకరగా ఉన్నా పెట్టె అంతా వంకరగా కనపడుతుంది. ఈ పనిలో అమ్మని మించినవాళ్ళు మా వైపు లేరు. వచ్చిన నాలుగోరోజు అలా సర్దుతూనే, తల ఎత్తకుండా అడిగింది.

"ఒక్కటి చెప్పు. మనస్ఫూర్తిగానే ఇచ్చావా?"

"ఏంటమ్మా?"

"మూలుగ. ఇష్టం లేకుండా ఇచ్చింది ఒంటికి పట్టదు. అందుకే వాణ్ణి లోపల్నించి కాల్చేస్తోంది. ఎనిమిదేళ్ళ కోపం నీది. ఆ కోపమంతా నీ రక్తంలోనే ఉంటుంది. ఇంకెక్కడికి పోతుంది?"

నేను చేతిలో ఉన్న పండుని పెట్టెలో పెట్టాను. వంకరగా పడింది. అమ్మ చెయ్యి చాచి దాన్ని సరిచేసింది.

ఎనిమిదేళ్ళ కిందట, ఇలాంటి కోతల రోజుల్లోనే, మొగుణ్ణి వదిలేసి రెండు పెట్టెలతో ఈ ఇంటి గుమ్మంలో నిలబడ్డాను. అన్నయ్య చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, "కోతల వేళ వచ్చావే. గదుల్నిండా కోత మనుషులున్నారు. కోతలయ్యాక మాట్లాడదాం," అన్నాడు. అరిచి కూడా అనలేదు. అమ్మ వెనకాల నిలబడి వింది. కోతలయ్యాయి. ఎవరూ మాట్లాడలేదు. నేను సెందాయ్‌లో ఒక గది చూసుకున్నాను.

డిసెంబరులో అమ్మ ఆ గదికి వచ్చి, నేలకి తల ఆనించి, అన్నయ్యకి నా మూలుగ కావాలని అడిగింది. పరీక్షకైతే వెంటనే వెళ్ళాను. సరిపోయింది. ఇస్తానని చెప్పడానికి మాత్రం నలభై రోజులు పట్టింది. ఆ నలభై రోజులూ అన్నయ్య జబ్బుని ఆపి ఉంచడానికి ఇంకో విడత మందు ఎక్కించాల్సి వచ్చింది. దాంతో మనిషి సగమయ్యాడు. నాకు భయమేసి ఆలస్యం చేశానని వదినతో చెప్పాను. అది అబద్ధం. వాళ్ళని ఎదురుచూడనిద్దాం అనుకున్నాను. అంతే.

అమ్మ సరిచేసిన పెట్టెని పక్కకి జరిపాను. ఇంకో పెట్టె తీసి సర్దడం మొదలుపెట్టాను.

*

మర్నాడు కోత అయ్యాక బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళాను. రెండు తలుపులు దాటి, మాస్కు పెట్టుకుని లోపలికి పోతే అన్నయ్య మంచం మీద ఉన్నాడు. ఉడకబెట్టిన పీతలా ఉంది ముఖం. చేతుల మీద తోలు పల్చగా లేచిపోతోంది. కింద గొట్టం, దానికి సంచీ. అందులో పచ్చగా నీళ్ళు, నెత్తురు చారలు. నేను సంచీ వైపు చూడటం చూశాడు.

"ఇన్నాళ్ళకి నామీద చెయ్యి చేసుకున్నావు," అన్నాడు.

నవ్వుదామనుకున్నాడు. పెదవి పగిలి నెత్తురు వచ్చింది. వదిన దూదితో అద్దింది.

"తోట ఎలా ఉంది?"

"సగం కోశాం. వానకి పళ్ళు పగలడం తక్కువే."

"తూర్పు వరస ముందు కొయ్యండి. అక్కడ కప్పు చిరిగింది." అంతమాత్రానికే ఆయాసపడి కళ్ళు మూసుకున్నాడు.

బయట డాక్టర్ ఒగాతా నిలబడి ఏదో రాసుకుంటోంది. యాభై దాటిన ఆడమనిషి, కాళ్ళకి అరిగిపోయిన బూట్లు. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాను.

"డాక్టరు గారూ, పిచ్చి ప్రశ్న అనుకోకండి. ఇచ్చినవాళ్ళ మనసులో ఏమన్నా ఉంటే... కోపంలాంటిది... అది దాంతోపాటు వెళ్తుందా?"

ఆవిడ నవ్వలేదు. "ఇదడిగిన మొదటి మనిషి మీరు కాదు," అంది. "కణాలకి కోపం తెలీదు. పరాయిది కనిపిస్తే కొట్టడం వాటి పని. మీ కణాలకి మీ అన్నయ్య ఒళ్ళు పరాయిగా కనపడింది. చర్మాన్ని, పేగుల్ని కొడుతున్నాయి. మిగిలి ఉన్న కేన్సరు కణాల్ని చంపేదీ అవే. అందుకే వాటిని మొత్తంగా చంపెయ్యలేం. శాంతపరచాలి."

"శాంతపడతాయా?"

"వారం నుంచి స్టెరాయిడ్లు పెద్ద మోతాదులో ఇస్తున్నాం. వినటం లేదు."

తోబుట్టువు అయినా పరాయిగానే చూశాయన్నమాట, అనుకున్నాను. మరి నన్ను గుమ్మంలో నిలబెట్టినవాడికి నేనేమయ్యాను?

రెండురోజుల తర్వాత మా ముగ్గురు ఆడవాళ్ళనీ ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి డాక్టర్ ఒగాతా చెప్పింది. మూలుగలోనే ఇంకో జాతి కణాలుంటాయట. కొట్లాటని చల్లార్చడం వాటి గుణం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఎవరో ఇచ్చిన మూలుగలోంచి వాటిని వేరుచేసి, పెంచి, గడ్డకట్టించి సంచుల్లో ఉంచుతారు. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు ఎక్కించాలి.

"దాంతో తగ్గుతుందా?" అంది వదిన.

"అందరికీ తగ్గదు. సగంమందికి పైన తగ్గుతోంది. తగ్గకపోతే తర్వాత దారులు సన్నగా ఉంటాయి. దాచిపెట్టి చెప్పను."

అమ్మ అంతదాకా చేతిరుమాలు మడతలు పెడుతోంది. "ఆ కణాలు ఎవరివి?" అంది. "మళ్ళీ దీనివేనా?"

దీనివి అంటే నావి. నావైపు చెయ్యి కూడా చూపించలేదు.

"కాదండీ. దాత ఎవరో మాకూ తెలీదు. ఈ రకం కణాలకి గ్రూపు కలవాల్సిన పనీ లేదు, రక్తసంబంధం ఉండాల్సిన పనీ లేదు."

"అమ్మయ్య," అంది అమ్మ.

మనిషి మొత్తం కుర్చీలో కిందికి జారినట్టయింది. ఆర్నెల్లలో ఆవిడ అంత ఊపిరి పీల్చుకోవడం నేను చూడలేదు. వదిన నా మోకాలి మీద చెయ్యి వేసింది. నేను కాలు జరుపుకున్నాను. వదినది తప్పేమీ లేదు.

*

మొదటి సంచీ ఎక్కించిన రోజు నేనూ ఉన్నాను. గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి తెచ్చారు. చిన్న సంచీ. బియ్యం కడిగిన రెండో నీళ్ళలా ఉంది లోపలున్నది. ఎక్కుతూండగానే అన్నయ్య ఊపిరిలోంచి ఉడకబెట్టిన మొక్కజొన్న వాసన రావడం మొదలైంది. గడ్డకట్టించేటప్పుడు కణాలు చెడకుండా కలిపిన మందు వాసనట. గదంతా నిండింది.

"ఆకలేస్తోంది," అన్నాడు అన్నయ్య, పది రోజులుగా నోట్లో ఏమీ పెట్టుకోని మనిషి. నిజంగా ఆకలి కాదు. ఆ వాసనకి అన్నాడు.

అమ్మ సంచీ వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "ఎవరు కన్న బిడ్డవో, ఎక్కడున్నావో, చల్లగా ఉండు," అంది.

ఏప్రిల్‌లో నేను పక్క వార్డులో బోర్లా పడుకుని ఉన్నాను. తుంటి మీద రెండు వైపులా ఇసుకమూటలు పెట్టినంత బరువు. అమ్మ ఆరోజు వచ్చింది. తలుపు దగ్గర నిలబడి, "సరిపడా వచ్చిందా?" అని నర్సుని అడిగి అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయింది. ఇది తప్పని నేననను. చచ్చేవాడి దగ్గరికే కదా ఎవరైనా వెళ్ళేది. అయినా ఇప్పుడు, జోడించిన ఆ చేతుల్ని చూస్తూ, తలుపు దగ్గర నిలబడిన మనిషినే తలుచుకున్నాను.

మొదటి రెండు సంచులకీ ఏమీ మారలేదు. మూడోదాని తర్వాత విరేచనం లీటరున్నరకి దిగింది. అయిదోది అయ్యేసరికి మంచం కింది సంచీలో నెత్తురు చారలు కనపడలేదు. వీపు మీద ఎరుపు తగ్గి గోధుమరంగు పొట్టు రాలడం మొదలైంది. జూలై మొదటివారంలో మూడు చెంచాల గంజి తాగి, గంటదాకా నిలుపుకున్నాడు. వదిన కొట్టానికి ఫోను చేసి, "మూడు చెంచాలు," అని మళ్ళీ మళ్ళీ చెప్పింది. వెనకాల అన్నయ్య గొంతు: "నాలుగు. నాలుగోది నువ్వు చూళ్ళేదు."

ఆ రోజు ఇగరాషి తాత నిచ్చెన మీంచే కేక వేశాడు. "చెప్పానా లేదా? దాని మూలుగ మొండిదని."

"మూలుగ కాదు," అంది అమ్మ. "అది చంపబోయింది. ఎవరో పుణ్యాత్ముడు ఆపాడు."

తాత నావైపు చూశాడు. ఎన్నడూ లేనిది, మాట్లాడకుండా చెట్టు వైపు తిరిగాడు.

జూలై ఎనిమిదిన కోతలయిపోయాయి. చివరి బండి వెళ్ళాక అమ్మ గుమ్మంలో నిలబడి, నడుం వంచి, "మీకు చాలా శ్రమ ఇచ్చాం," అంది. ఏటా కోత మనుషుల్ని సాగనంపేటప్పుడు అనే మాట అది. 'మీకు' అంది. నేనూ వంగి దండం పెట్టి బస్సెక్కాను.

*

ఆగస్టు పదకొండున అన్నయ్య ఇంటికి వచ్చాడు. పదమూడునుంచి బోన్ పండగ. చనిపోయిన పెద్దలు ఇంటికొచ్చే రోజులు. రావద్దని ఎవరూ అనలేదు కాబట్టి వెళ్ళాను.

నాన్న పటం ముందు పళ్ళు, దీపం ఉన్నాయి. పక్కన ఇంకో చిన్న పళ్ళెం. అందులో రెండు పీచ్ పళ్ళు.

"ఇదెవరికమ్మా?"

"కణాలిచ్చినాయనకి."

"ఆయన బతికే ఉండొచ్చుగా. బతికున్నవాళ్ళకి పళ్ళెం పెడతారా?"

"ఎక్కడున్నా అందుతుందిలే," అంది. వంటింట్లో అందరికీ నూడుల్స్ చల్లార్చింది. నాకూ పెట్టింది. ఎప్పట్లాగే వేడి పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి పెట్టింది. నా మీద ద్వేషం ఉన్న మనిషి చేసే పని కాదది. నాకు అదే మింగుడు పడలేదు.

అన్నయ్య వెనకగదిలో ఉన్నాడు. కిటికీలకి నల్లటి పరదాలు. ఆగస్టు ఉక్కలో పొడుగు చేతుల చొక్కా, కాళ్ళకి మేజోళ్ళు. నాకన్నా అయిదేళ్ళే పెద్ద. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంటే నాన్న పోయేముందు ఉన్నట్టు ఉన్నాడు.

"ఎండ తగిలితే మళ్ళీ పేలుతుందట," అన్నాడు. "మట్టి ముట్టుకోకూడదు. మట్టిలో బూజు ఊపిరితిత్తుల్లోకి పోతుందట. ఇంక చెర్రీ రైతు ఏం చేస్తాడు చెప్పు? తోట ఇగరాషి తాతకి ఇచ్చేశాం. ఆయన మనవడు చూసుకుంటాడు."

"ఎప్పుడు?"

"పోయినవారం. వానకప్పు ఊడదీస్తున్నారు, వినపడుతోందా?"

వినపడుతోంది. ఇనపకమ్ములు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు.

"నేను ఇవ్వకపోతే..." అన్నాను.

"చచ్చేవాణ్ణి. తెలుసు." పరదా అంచుని సరిగ్గా లాగాడు. "నలభై రోజులు తీసుకున్నావని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేనేమీ అనలేదు. అనను కూడా. నీకు జబ్బు చేసి నన్ను అడిగుంటే, కోతలయ్యాక చూద్దాం అనేవాణ్ణి. మంచం మీద పడుకుని బాగా ఆలోచించాను. అదే అనేవాణ్ణి."

క్షమించమని అడుగుతాడేమోనని కూర్చున్నాను. అడగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే అతను చేయగలిగిన పెద్దపని కాబోలు.

"ఇంకోటి," అన్నాడు. "జబ్బు మళ్ళీ తిరగబెడితే నీ తెల్లకణాలు తీసి ఎక్కించాలట. అప్పుడు ఈ పేలడం, ఈ విరేచనాలు మళ్ళీ రావచ్చు. మొన్న ఇంటికొచ్చేముందు కుమగాయ్ గారు అడిగింది, మీ చెల్లెలు మళ్ళీ ఇస్తారా అని. ఇవ్వదని చెప్పేశాను."

కుమగాయ్ గారంటే దాతల సంగతి చూసే ఆవిడ. నన్ను పరీక్షలకి తిప్పింది ఆవిడే.

"నన్ను అడక్కుండానే?"

"అడిగితే మళ్ళీ రోజులు లెక్కపెట్టుకోవాలి. ఈసారి నా వల్ల కాదు."

"ఇవ్వనని నేను అనలేదే."

"ఇస్తానని కూడా అనలేదుగా."

అమ్మ పుచ్చకాయ ముక్కలు తెచ్చింది. అన్నయ్యకి వేరే కంచంలో, బాగా కడిగి తొక్క తీసినవి. ముగ్గురం గింజలు తీసుకుంటూ తిన్నాం.

*

పదహారో తారీఖున సెందాయ్ బస్సు ఎక్కాల్సినదాన్ని, ఆస్పత్రి దగ్గర దిగాను. కుమగాయ్ గారు నన్ను చూసి గబగబా లేచి నిలబడింది.

"మీ అన్నయ్యకి ఏమన్నా అయిందా?"

"లేదండీ. నా గురించి మీ కాగితాల్లో ఒక మాట ఉందట. అది నేనన్న మాట కాదని చెబుదామని వచ్చాను."

ఆవిడ ఫైలు తీసింది. పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. "మీ నోటినుంచి వినకుండా ఖాయం చెయ్యనండీ. పెన్సిలుతోనే రాశాను," అంది. రబ్బరు తీసి చెరిపేసి, కాగితం మీది పొట్టుని చేత్తో ఊడ్చింది. "అయితే ఇస్తారని రాయమంటారా?"

ఇరవై నిమిషాలు బస్సులో ఆ జవాబే వెతుక్కుంటూ వచ్చాను. ఇస్తే మళ్ళీ అతని తోలు ఊడొచ్చు. ఇవ్వకపోతే చావొచ్చు. అమ్మ రెంటికీ నన్నే అంటుంది. అదంతా ఒక పక్కన పెట్టినా నాకు కావాల్సింది ఇంకొకటి ఉంది.

"అడిగితే ఇస్తానని రాయండి," అన్నాను. "అడగాల్సింది మీరు కాదు, అతను. తనే ఫోను చేసి, తన నోటితో అడగాలి. అదీ రాయండి."

"దానికి ఇందులో గడి లేదండీ."

"పక్కన ఖాళీ ఉందిగా."

ఆవిడ ఈసారి పెన్ను తీసుకుంది. నేను చెప్పింది చెప్పినట్టే పక్క ఖాళీలో రాసి, తేదీ వేసి, నాకు చూపించింది.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. వదిన అప్పుడప్పుడూ ఉత్తరం రాస్తుంది. అన్నయ్య సాయంత్రాలు టోపీ పెట్టుకుని రోడ్డు చివరిదాకా నడుస్తున్నాడట. అతని ఫోను మాత్రం ఇంతవరకూ రాలేదు. రాలేదంటే జబ్బు తిరగబెట్టలేదని అర్థం. ఫోను రాకపోవడానికి కారణం అదొక్కటే అయితే బావుణ్ణు.